తెర పక్కన మనిషి

నాటకం చూసి ఇంటికి వెళ్ళేవాళ్ళ మాటలు ఎప్పుడైనా విన్నారా? కథానాయకుడు బాగా చేశాడంటారు. పద్యం పాడినాయన రాగం లాగి లాగి ప్రాణం తీశాడంటారు. నాయిక కట్టిన చీర ఎక్కడ కొన్నదో కూడా చర్చకు వస్తుంది. కాని "లైటింగు ఎంత బాగా వుందండీ!" అన్న మనిషి నాకింతవరకు తారసపడలేదు. దీపం ఆరిపోతే మాత్రం అందరూ కలిసికట్టుగా ఈల వేస్తారు.

ఆ ఈలలు భరించే ఉద్యోగానికే నేను చదువుకునే రోజుల్లో శిష్యరికం చేశాను. మాది రావులపాలెం. అరటిగెలల మార్కెట్టుకు ఎంత పేరో, సి.ఆర్.సి. కాటన్ కళాపరిషత్తు నాటక పోటీలకూ అంత పేరున్న వూరు. నా గొంతు పద్యానికి పనికిరాదని మా కుర్రాళ్ళ బృందంవాళ్ళు మొదటిరోజే తేల్చేసి, నన్ను డిమ్మరు బోర్డు దగ్గరికి పంపారు.

అక్కడ కూర్చునే పెద్దాయన పగలు మోటార్లకు వైండింగు చేసేవారు. రాత్రి నాటకాలకు లైట్లు వేసేవారు. మొదటి వారం నన్ను బోర్డు ముట్టుకోనివ్వలేదు. సాయంత్రం కాగానే గౌతమి గట్టుమీదికి తీసుకుపోయేవారు.

"చీకటి ఎప్పుడు పడిందో చెప్పు అబ్బాయీ!" అనేవారు.

రెప్ప వెయ్యకుండా చూసినా చెప్పలేకపోయేవాణ్ణి. వంతెన మసకబారేది, పడవ నల్లబడేది; అది జరిగిన క్షణం మాత్రం దొరికేది కాదు.

"అదీ! బోర్డుమీద నీ చెయ్యి అలా దిగాలి" అనేవారు.

రెండో పాఠం ముఖం. దీపం నడినెత్తిమీదనుంచి పడితే కళ్ళు గుంటలైపోతాయి. కిందనుంచి పడితే సీతమ్మవారు కూడా శూర్పణఖలా కనిపిస్తుంది. సూటిగా ఎదురునుంచి పడితే ముఖం అప్పడంలా చదునవుతుంది. ముందువైపున కుడి ఎడమలనుంచి, కొంచెం ఎత్తుగా, ఏటవాలుగా రెండు దీపాలు వెయ్యాలి. ఒకటి వెచ్చని రంగు, ఒకటి చల్లని రంగు. అప్పుడు ముక్కూ చెంపా తీరుగా కనిపిస్తాయి. అమెరికాలో స్టాన్లీ మెక్‌కాండ్‌లెస్ 1932లో తెచ్చిన పుస్తకంలో, 45 డిగ్రీల కోణంతో సహా, యీ పద్ధతినే వివరించాడని చాలాకాలం తరువాత చదివాను. మా పెద్దాయన ఆ పేరు విన్నవారు కారు.

నీలం జిలెటిన్ కాగితం వేస్తే ఎర్రచీర నల్లబడుతుంది. కాబట్టి వెన్నెల కురిపించబోయే ముందు నాయిక ఏ చీర కడుతుందో కనుక్కోవాలి. దీపాన్ని రెండింతలు దూరం జరిపితే వెలుతురు సగం కాదు, పావువంతే మిగులుతుంది. ఇలాంటివన్నీ చేత్తో చేసి నేర్చుకున్నాను. ఆయన కుర్రతనంలో డిమ్మరు కొనే స్తోమత లేక, ఉప్పునీళ్ళ జాడీలో రెండు రేకులు దించి వాటిగుండా కరెంటు పోనిచ్చేవారట. రేకులు దగ్గరైతే దీపం పెరిగేది, దూరమైతే మందగించేది. నీళ్ళు కాగి ఆవిర్లు చిమ్మేవి. చెయ్యి జారితే నాటకంతోపాటు ఆయన కథా ముగిసేది!

ఈ విద్య మనకు కొత్తదేమీ కాదు. వీధి భాగవతాల్లో పాత్ర ప్రవేశించే వేళకు కాగడామీద గుగ్గిలం చల్లి భగ్గుమనిపించేవారు. 1880లో రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులుగారు తమ విద్యార్థులచేత 'వ్యవహార ధర్మబోధిని' ఆడించారు. లండనులో సెవాయ్ నాటకశాల అంతటా విద్యుద్దీపాలు వెలిగింది ఆ మరుసటి ఏడే. 1959లో కలకత్తాలో ఉత్పల్ దత్ 'అంగార్' ఆడించినప్పుడు తాపస్ సేన్ బొగ్గుగనిలోకి వరద పొంగి రావడాన్ని దీపాలతోనే చూపించాడు. చుక్క నీరు లేదు!

మా నాటికలో పొలం అమ్ముకున్న ముసలి రైతు ఒక్కడే కూర్చునే ఘట్టం వుంది. అక్కడ వెలుతురు తగ్గాలన్నాడు దర్శకుడు. "నా ముఖం కనబడకపోతే జడ్జీలు మార్కులెలా వేస్తారండీ?" అన్నాడు నటుడు. మాట పెరిగి, వేషం మానేస్తాననేదాకా వచ్చింది. పెద్దాయన ఇద్దరికీ "ఆయ్, అలాగేనండి" అన్నారు.

ఆ రాత్రి ఆయన చెయ్యి మూడు నిమిషాలపాటు దిగుతూనే వుంది. నటుడి ముఖంమీది దీపం జోలికి పోలేదు. వెనక గోడ, అరుగు, నులకమంచం, గడప ఒక్కొక్కటే చీకట్లో కలిసిపోయాయి. చివరికి ఆ ముఖం ఒక్కటే మిగిలింది. ముందు వరసలో ఒకావిడ పమిటచెంగుతో కళ్ళు ఒత్తుకోవడం చూశాను. బహుమతి నటుడికి వచ్చింది. "మీ పేరు చెప్పలేదేమండీ?" అంటే, "ఆవిడ ఏడ్చిందిగా!" అని ఆయన వైర్లు చుట్టుకుంటూ కూర్చున్నారు.

ఇప్పుడు పాఠం చెబుతూ ఉద్దీపన విభావం దగ్గరికి వస్తే నాకు ఆ నులకమంచం గుర్తొస్తుంది. వెన్నెల, ఉద్యానవనం స్వయంగా రసం కావు. వున్న భావాన్ని రగిలిస్తాయి. వేదికమీది దీపాలకు రంగోద్దీపనం అని పేరు పెట్టినవారెవరో గాని సార్థకంగా పెట్టారు.

ఇవాళ ఎల్.ఇ.డి. దీపాలు వచ్చాయి. వేడి తక్కువ, బరువు తక్కువ, మీట నొక్కితే కోరిన రంగు. సంతోషమే. కాని పెళ్ళి విందుకు తిప్పిన రంగుచక్రమే నాటకానికీ తిప్పితే ఏం చెయ్యను? అక్కడ తల్లి ప్రాణం పోతూ వుంటుంది, వెనక తెర ఊదా నుంచి ఆకుపచ్చకు మారుతూ వుంటుంది! దీపాలు అద్దెకు దొరుకుతాయి. నాటకం చదివి, తాలీములకు వచ్చి కూర్చునే మనిషి అద్దెకు దొరకడు.

ఆ మనిషి మన ఇళ్ళలోనుంచే రావాలి. మీ అబ్బాయో అమ్మాయో నాటకాలంటే ప్రాణం పెడుతూ, వేషం వెయ్యడానికి మాత్రం సిగ్గుపడుతూ వుంటే విచారించకండి. నాలుగు రోజులు బోర్డు దగ్గర కూర్చోనివ్వండి. కాళ్ళకు రబ్బరు చెప్పులు మాత్రం మరిచిపోవద్దు సుమండీ!