వృద్ధాశ్రమమునకు కొలబద్ద యేది?

గుంటూరు మిర్చియార్డులో ఏ వ్యాపారియు టిక్కీ పైభాగము చూచి ధర కట్టడు. మూతి విప్పించును; లోపలి కాయ తీయించును; రంగును, తేమను పరీక్షించును; తాలును వేరుగా లెక్కించును. భారత పత్తి సంస్థ కొనుగోలు కేంద్రములలో తేమ 8 శాతమును మించినకొలది మద్దతు ధరలో కోత పడును. 12 శాతము దాటినచో సరకు తిరిగి ఇంటికి పోవలసినదే. పంట విషయమున ఇంత నిశితదృష్టి గల ఈ సీమలో, ఆ పంట పండించినవారు ముదిమి పైబడి చేరెడి ఆశ్రమముల మంచిచెడ్డలు మాత్రము గోడల సున్నమును, వాకిటి పూలకుండీలను బట్టి నిర్ణయింపబడుచున్నవి.

సంతానము కఠినహృదయులగుటయే దీనికి కారణమని తీర్పు చెప్పుట సులభము. కాని అది సత్యమునకు దూరము. తెనాలి, చిలకలూరిపేట, ఒంగోలు ప్రాంతములనుండి చదువుకొన్న తరము హైదరాబాదునకు, బెంగుళూరునకు, అమెరికాకు తరలిపోయినది. ఇంట మిగిలిన దంపతులలో ఒకరు గతించి, రెండవవారు మంచము పట్టినపుడు, దగ్గరనుండి చూచుకొను మనిషి దొరకుట దుర్లభము. ఆశ్రమమున చేర్చుట తప్పు కాదు. చేర్చునపుడు దేనిని చూడవలెనో తెలియకపోవుటయే ప్రమాదము.

నర్సింగుహోమ్ అను మాట ఇచ్చట వేఱొక అర్థమున నాటుకొన్నది. గుంటూరు కొత్తపేటలో ఆ మాట అన్నచో రోగి కొన్ని దినములుండి ఇంటికి పోవు ప్రైవేటు వైద్యశాల యని అర్థము. పాశ్చాత్య దేశములలో అదే పేరు, లేవలేని వృద్ధులు ఏండ్ల తరబడి నివసించు గృహమునకు చెల్లును. ఈ భేదము మాటలతో ముగియదు. మొదటి తెగ సంస్థలను రిజిస్టరు చేసి నియంత్రించుటకు 2002లోనే రాష్ట్రచట్టము వచ్చినది. రెండవ తెగకు చట్టము చూపిన శ్రద్ధ అంతంతమాత్రమే.

2007లో పార్లమెంటు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టమును చేసినది. అందలి 19వ సెక్షను, కనీసము 150 మంది నిరుపేద వృద్ధులకు చాలునట్టి ఆశ్రమములను జిల్లాకొకటితో మొదలుపెట్టి రాష్ట్రప్రభుత్వము నెలకొల్పవచ్చునని చెప్పినది. ‘నెలకొల్పవలెను’ అనలేదు. వ్యాకరణము చదివిన ప్రతి విద్యార్థియు ‘వచ్చును’, ‘వలెను’ల భేదమెఱుగును: మొదటిది అనుమతి, రెండవది విధి. 2022లో గుంటూరు, ప్రకాశము జిల్లాలు విభజింపబడి పల్నాడు, బాపట్ల జిల్లాలు వెలసినవి. జిల్లాలు పెరిగినవి, ఆ క్రియాపదము మాత్రము మారలేదు. ఇక ప్రైవేటు ఆశ్రమములన్నియు రిజిస్టరు కావలెనను నిబంధన ఆ చట్టమున లేనే లేదు. ఈ కొఱత తీర్చుటకై 2019 డిసెంబరులో లోక్‌సభయందు ప్రవేశపెట్టిన సవరణ బిల్లు, ఆమోదము పొందకయే 2024లో ఆ సభతోపాటు ముగిసిపోయినది.

చట్టము కొలత చూపనపుడు శాస్త్రమేమి చూపినది? వైద్యసేవల గుణమును మూడు తావులందు వెదకవలెనని ఎవిడిస్ డొనబేడియన్ అను వైద్యాచార్యుడు 1966లో ప్రతిపాదించెను: నిర్మాణము, ప్రక్రియ, ఫలితము. గదులు, మంచములు, సిబ్బంది మొదటిది. ఆ సిబ్బంది నిజముగా చేయు పని రెండవది. దానివలన మనిషికి కలిగిన మేలుకీడులు మూడవది. సందర్శకుని కంటికి సామాన్యముగా అందునది మొదటిది మాత్రమే.

తక్కిన రెండును చిన్న విషయములందు దాగియుండును. కదలలేనివారిని సుమారు రెండు గంటలకొకమారు పక్కకు త్రిప్పనిచో నడుమునను, మడమలయందును పడకపుండ్లు పుట్టును. నెలనెల తూచిన బరువు తగ్గిపోవుచున్నచో, వంటశాల ఎంత శుభ్రముగా నున్నను, అన్నము నోటికి చేరుచున్నదా యని అనుమానింపవలెను. రెంటచింతల ఎండలకు పేరుపడిన ఈ ప్రాంతమున వేసవి మరియొక పరీక్ష. వార్ధక్యమున దప్పిక తెలియుట మందగించును. అడిగినవారికే నీరిచ్చు చోట, అడుగని ముదుసలి శరీరము శోషిల్లి, మతి తప్పి, పడిపోవుట కలదు. రాత్రివేళ ఎందఱు వృద్ధులకు ఎందఱు సహాయకులున్నారు? నిద్రమాత్ర వైద్యుని చీటీపై ఇచ్చుచున్నారా, సిబ్బంది విశ్రాంతికై ఇచ్చుచున్నారా? ఎవరినైనను మంచమునకు కట్టుచున్నారా?

దూరదేశమందలి బిడ్డకు ఈ సమాధానములు వీడియో కాలులో దొరకవు. నియమిత సమయమున దువ్విన తలయు, ఉతికిన చొక్కాయు కనిపించును, వీపు కనిపించదు. వృద్ధుడు స్వయముగా చెప్పునా? ఫోను పట్టుకొని నిలిచిన సహాయకుని చేతిలోనే ఆ రాత్రి తన మంచినీళ్లున్నవని అతడెఱుగును. వయోవృద్ధులకై 2021లో ఏర్పడిన 14567 సహాయవాణి మేలైనదే. కాని ఫోను అందుకొనలేనివారికి అదియు దూరమే.

ఆశ్రమమే తన గుణమును చాటుకొనిన చాలదనుటకు అమెరికా అనుభవము సాక్ష్యము. 2008లో అచ్చటి నర్సింగుహోమ్‌లకు ఒకటి మొదలు ఐదు వరకు నక్షత్రములిచ్చు పద్ధతి వచ్చినది. సిబ్బంది సంఖ్యను ఆ గృహములే నివేదించుకొనుచుండెడివి. పరీక్ష వ్రాసినవాడే మార్కులు వేసికొనినట్లయ్యెను. 2018లో జీతముల లెక్కలు ఆధారమైన పిదప, పెక్కు చోట్ల శని, ఆదివారములందు సిబ్బంది మిక్కిలి పలుచబడుచున్నట్లు బయటపడినది.

కావున ప్రతి ఆశ్రమమునకును రిజిస్ట్రేషను, ముందు తెలుపని తనిఖీ, దాని ఫలితముల బహిరంగ ప్రకటన అవసరము. అందాక సమాజము చేయదగినదియు కలదు. పాఠశాలలవారు పండుగనాడు విద్యార్థులను వెంటబెట్టుకొని పండ్లు పంచుటకు ఆశ్రమములకు పోవుట పరిపాటి. పండుగనాడు ఏ ఆశ్రమమైనను ముస్తాబై యుండును. ఊరి పెద్దలు, ఉపాధ్యాయులు ఏ విశేషమును లేని దినమున, భోజనవేళ, కబురంపక పోవుట మేలు. అట్లు పోయినవారు మొట్టమొదట అడుగవలసినది ఒక్క పుస్తకము: వృద్ధుల బరువులు నెలనెల వ్రాసిన పట్టీ. అట్టి పట్టీయే లేదన్నచో, ఆ ఆశ్రమమును గూర్చి తెలియవలసినదానిలో చాలభాగము తెలిసినట్లే.