శాలువా కప్పే ముందు ఒక మాట

ఐరాల మండల ప్రజలకు, ఆటలాడే పిల్లకాయల అమ్మానాన్నలకు, సంక్రాంతికి కబడ్డీ, వాలీబాల్ పోటీలు పెట్టే యువకులకు, ఆ పోటీల్లో వేదికెక్కి శాలువాలు కప్పే పెద్దలకు విన్నపం.

కాణిపాకం మన మండలంలోనే ఉంది. అప్పు తీసుకుని లేదన్నవాడి దగ్గర్నుంచి మైకుల ముందు తిట్టుకునే నాయకుల దాకా, "దమ్ముంటే కాణిపాకం వచ్చి ప్రమాణం చెయ్" అనే మాట రాష్ట్రమంతా చెల్లుతుంది. కోనేట్లో మునిగి వరసిద్ధి వినాయకుడి ఎదుట అబద్ధమాడితే స్వామి ఊరుకోడని మన నమ్మకం. అట్లాంటి చోట పుట్టి పెరిగిన మనం, ఆటలో గెలిచినవాణ్ణి మాత్రం "ఎట్లా గెలిచినావు నాయనా?" అని అడగం. కప్పు కనిపిస్తే చాలు, ఫ్లెక్సీ లేస్తుంది.

మేం కోరేదేమిటో మొదటే చెబుతాం. స్టెరాయిడ్లు, ఇతర నిషేధిత మందులు వాడి సాధించిన గెలుపుకు శాశ్వత గౌరవం ఇవ్వకూడదు. అంటే స్టేడియానికి పేరు, కూడలిలో విగ్రహం, బడి గోడ మీద పటం, ప్రభుత్వ పురస్కారం ఏవీ వద్దు. తప్పు చేసి దొరికి, శిక్ష పూర్తిచేసి, మళ్ళీ మందు జోలికి పోకుండా గెలిచినవాడికి ఆ కొత్త గెలుపు మీద గౌరవం దక్కాలి. మందు చేతిలో పెట్టిన కోచ్‌నూ, చూసీ చూడనట్టు ఊరుకున్న అధికారినీ వేదిక ఎక్కించకూడదు. ఇదంతా ఏ ఒక్కరి పేరూ ముందుకు రాకముందే కాగితం మీద రాసుకోవాలి.

ముందే రాసుకోకపోతే ఏమవుతుందో అమెరికా వాళ్ళను అడిగితే చెబుతారు. న్యూయార్క్ రాష్ట్రంలో కూపర్స్‌టౌన్ అని చిన్న ఊరుంది. బేస్‌బాల్ మహామహుల కంచు పలకలు వరసగా పెట్టిన హాల్ ఆఫ్ ఫేమ్ అక్కడే. తొలి ఎంపిక 1936లో జరిగింది, భవనం 1939లో తెరిచారు. ఆ ఆట గురించి ఏళ్ళ తరబడి రాసిన పాత్రికేయులు ఓట్లేస్తారు, నూటికి 75 రావాలి. బ్యారీ బాండ్స్ అనే ఆటగాడు 762 హోమ్ రన్లు కొట్టాడు. బంతిని మైదానం అవతల పడేయడంలో ఆయన్ని మించినవాడు ఆ లీగులో ఈనాటికీ లేడు. 2001లో ఒక్క సీజన్‌లోనే 73 కొట్టాడు. రోజర్ క్లెమెన్స్ బంతి విసిరి 354 మ్యాచ్‌లు గెలిచాడు. అయినా 2022లో పదోసారి, అంటే ఆఖరిసారి, పాత్రికేయుల ఓటు జరిగినప్పుడు బాండ్స్‌కు 66 శాతం, క్లెమెన్స్‌కు 65.2 శాతం వచ్చి ఆగిపోయాయి. అడ్డుపడింది స్టెరాయిడ్ల మచ్చ. 2007 డిసెంబరులో మాజీ సెనేటర్ జార్జ్ మిచెల్ ఇచ్చిన నివేదికలోకి ఎక్కిన 89 మంది ఆటగాళ్ళలో ఈ ఇద్దరూ ఉన్నారు.

బాండ్స్ గ్రాండ్ జ్యూరీ ముందు ఇచ్చిన జవాబు మన కోనేటి గట్టున చెల్లదు. శిక్షకుడు ఇచ్చిన ద్రవాన్ని అవిసె నూనె అనుకున్నాడట, క్రీమును కీళ్ళనొప్పుల మందు అనుకున్నాడట. క్లెమెన్స్ అయితే అసలు వాడనే లేదన్నాడు. అబద్ధ సాక్ష్యం కేసులో 2012లో జ్యూరీ ఆయన్ని నిర్దోషి అంది. సరే, ఇద్దరినీ బయటే ఉంచారు. అదే 2022 ఓటులో డేవిడ్ ఆర్టిజ్ 77.9 శాతంతో లోపలికి నడిచాడు. పేర్లు బయటపెట్టబోమని మాటిచ్చి 2003లో చేసిన పరీక్షల్లో ఆయన పేరూ ఉందని అంతకుముందే పత్రికల్లో వచ్చింది. తెలిసి స్టెరాయిడ్లు తీసుకోలేదని ఆయన అన్నాడు. అంతకన్నా విడ్డూరం, ఆ కాలమంతా ఆటను ఏలిన కమిషనర్ బడ్ సెలిగ్‌కు 2017లో కంచు పలక పెట్టారు. 1998లో మార్క్ మెక్‌గ్వైర్ 70 హోమ్ రన్లు కొడుతుంటే స్టేడియాలు నిండాయి, డబ్బు కురిసింది. దొరికితే శిక్ష అనే పద్ధతి ఆ లీగులో మొదలైంది 2004లో! మెక్‌గ్వైర్ తాను స్టెరాయిడ్లు వాడానని 2010లో ఒప్పుకున్నాడు. ఇల్లు దోచుకుపోయాక తాళం కొన్న యజమానికి సన్మానం, దొంగలని అనుమానం ఉన్నవాళ్ళలో కొందరికి పీట, కొందరికి గేటు.

బాండ్స్ కొట్టిన 756వ హోమ్ రన్ బంతి సంగతి కూడా చెప్పాలి. దాన్ని వేలంలో కొన్న ఒక ఫ్యాషన్ వ్యాపారి, ఏం చెయ్యమంటారని జనాన్నే ఓటు అడిగాడు. జనం తీర్పు ప్రకారం దాని మీద అనుమానం తెలిపే నక్షత్రం గుర్తు వేయించి ఆ హాల్ మ్యూజియానికే ఇచ్చాడు. ఆటగాడు బయట, మచ్చపడ్డ బంతి లోపల. మా అభిప్రాయం అడిగితే అదే సరైన ఏర్పాటు. జరిగింది జరిగినట్టు పుస్తకంలో, అద్దాల బీరువాలో ఉండాలి. పూజకు పెట్టే పలక వేరే సంగతి. అయితే బాండ్స్‌ను బయట నిలబెట్టినవాళ్ళు సెలిగ్ పలకను కూడా దించి ఉండాల్సింది.

ఇది దూరపు కొండల కథ కాదు. వెయిట్‌లిఫ్టింగ్ తెలుగువాళ్ళ ఆట. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ ఆమె. ఆ వెలుగు ఎన్నాళ్ళు నిలిచింది? రెండేళ్ళకే మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో ఇద్దరు భారత లిఫ్టర్లు డోప్ పరీక్షలో దొరికి పతకాలు పోగొట్టుకున్నారు. అక్కడే బంగారం గెలిచిన సనమాచా చాను 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచి, పరీక్షలో తప్పి, ఆ స్థానం కూడా పోగొట్టుకుంది. మాంచెస్టర్‌లోనే బంగారు పతకాలు తెచ్చిన మన ఆంధ్రా లిఫ్టర్ శైలజా పూజారి ఒకటికి రెండుసార్లు పట్టుబడి జీవితకాల నిషేధంలో పడింది. 2006లో దేశం మొత్తాన్నీ ఆ ఆట నుంచి వెలివేశారు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలకు ముందు 5 లక్షల డాలర్ల జరిమానా పడింది. ఈ మధ్యలో ఏ మందూ ముట్టకుండా బరువులెత్తిన అమ్మాయిల గురించి ఎవరైనా ఆలోచించారా? ఊరికి పతకంతో వస్తే, ఏ సూది వేసుకుందో అన్నట్టు చూశారు జనం.

"అందరూ వేసుకుంటున్నారు, కాబట్టి పోటీ సమానమే కదా" అని వాదించేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు 2012 లండన్ ఒలింపిక్స్‌లో మగవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్ 94 కిలోల విభాగం చూపించండి. దాచిపెట్టిన మూత్రం సీసాలను నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ పరీక్షిస్తే మొదటి నలుగురూ పోయారు. ఆరో స్థానం, ఏడో స్థానం కూడా పోయాయి. ఐదోవాడుగా ఇంటికెళ్ళిన ఇరాన్ ఆటగాడు సయీద్ మొహమ్మద్‌పూర్ బంగారు పతక విజేత అయ్యాడు. ఎనిమిదో స్థానంలో ఉన్న కొరియా ఆటగాడికి వెండి. తొమ్మిదోవాడికి కంచు దక్కింది గానీ, ఆ తొమ్మిదోవాడే 2016 రియో నుంచి డోపింగ్‌లో దొరికి వెనక్కి వచ్చాడు. ఐదోవాడికి పతకం వచ్చింది నిజమే. లండన్‌లో జెండా లేచినప్పుడు వేదిక మీద నిలబడే నిమిషం వచ్చిందా? ఆ నాలుగేళ్ళలో రావాల్సిన ఉద్యోగం, స్పాన్సర్, ఊళ్ళో మర్యాద వచ్చాయా? మందు వేసుకున్నవాడు దోచుకునేది ఆ ఐదోవాణ్ణే. మన పిల్లకాయల్లో ఎక్కువమంది ఐదోవాళ్ళు.

ఇప్పుడు దేశం పరిస్థితి ఇది. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 'వాడా' లెక్కల ప్రకారం 2024లో మన దేశంలో 7,113 పరీక్షలు చేస్తే 260 తప్పాయి, అంటే 3.6 శాతం. అన్నన్ని పరీక్షలు చేసే పెద్ద దేశాల్లో ఇదే ఎక్కువ. 2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకు జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ 'నాడా' వాళ్ళు వచ్చారని తెలియగానే ఆటగాళ్ళు మాయమయ్యారు. మగవాళ్ళ 100 మీటర్ల ఫైనల్లో ఒక్కడే పరుగెత్తాడు. స్టేడియం మరుగుదొడ్లలో సిరంజీలు దొరికాయి. నవ్వొస్తుంది గానీ, అది జాతీయ స్థాయి కూడా కాదు, రాష్ట్ర స్థాయి. అంటే కింది మెట్టుకే వచ్చేసింది.

మన రాష్ట్రంలో ఇప్పుడు పందెం పెద్దదైంది. 2024లో తెచ్చిన కొత్త క్రీడా విధానంలో ఒలింపిక్ బంగారానికి ప్రోత్సాహకం 75 లక్షల నుంచి 7 కోట్లకు పెంచారు. ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 నుంచి 3 శాతం చేశారు. మంచి పనే, మేం వ్యతిరేకించడం లేదు. కానీ రెండెకరాల మామిడి తోట, దిగుబడి వచ్చిన ఏడాది ధర రాని బతుకు ఉన్న ఇంట్లో, ఒక్క సర్టిఫికెట్ ఉద్యోగం తెస్తుందంటే పదిహేనేళ్ళ పిల్లవాడు ఏమైనా మింగుతాడు. "సార్ ఇచ్చినాడు, బలానికంట" అంటాడు. తూర్పు జర్మనీలో చిన్న పిల్లలకు నీలం రంగు మాత్రలు విటమిన్లని చెప్పి తినిపించారు. అవి స్టెరాయిడ్లు. ఆ పథకం నడిపిన పెద్దలకు 2000లో బెర్లిన్ కోర్టు శిక్ష వేసే నాటికి ఆ ఆడపిల్లలు గొంతు మారి, ఆరోగ్యం చెడి నడివయసుకు వచ్చారు. మగపిల్లల్లో వృషణాలు కుంచించుకుపోవడం, సంతానం కలగకపోవడం, గుండె, కాలేయం దెబ్బతినడం కూడా స్టెరాయిడ్ల పనే. రేపు పెళ్ళి చేయాల్సిన తల్లిదండ్రులు ఈ వాక్యం ఇంకోసారి చదవండి.

తెలియక జరిగేవి ఉన్నాయి. క్రికెటర్ పృథ్వీ షా 2019లో 8 నెలల నిషేధానికి గురైంది దగ్గు మందులో ఉండే టెర్బ్యుటలిన్ వల్ల. జలుబు చేస్తే మందుల షాపులో అడిగి తాగే అలవాటు మనందరిదీ. పోటీల్లో ఆడే పిల్లలుంటే నాడా వాళ్ళ 'నో యువర్ మెడిసిన్' యాప్‌లో మందు పేరు కొట్టి చూసి ఇవ్వండి.

దొరికినవాడి జీవితం అక్కడితో అయిపోవాలా? మేం అలా అనడం లేదు, మన స్థలపురాణమూ అలా అనదు. కాణిపాకం దారిలో లిఖితుడు ఆకలికి తట్టుకోలేక అన్న శంఖుడు వద్దంటున్నా పరాయి తోటలో మామిడిపండు కోశాడు. శంఖుడు స్వయంగా తమ్ముణ్ణి రాజు ముందు నిలబెట్టాడు, రాజు చేతులు నరికించాడు. ఆ అన్నే తమ్ముణ్ణి తీసుకొచ్చి ఏట్లో మునకేయిస్తే చేతులు తిరిగి మొలిచాయి. గమనించండి, చేతులు తిరిగి వచ్చాయి గానీ మామిడిపండు ఎవరూ తిరిగి చేతిలో పెట్టలేదు. నేరం దాచిన అన్నా కాదు, శిక్ష తర్వాత వదిలేసిన అన్నా కాదు. మన క్రీడా సంఘాల్లో శంఖుడి లాంటి పెద్దలే కరువు.

కేంద్రం కూడా ఇంచుమించు ఈ దారికే వచ్చింది. బాక్సర్ అమిత్ పంఘాల్ 2012లో, ఇంకా మీసం సరిగా రాని వయసులో, స్టెరాయిడ్ పరీక్షలో తప్పి ఏడాది నిషేధం అనుభవించాడు. అమ్మవారు పోసినప్పుడు వాడిన మందు వల్లనేనని చెప్పారు. 2018లో ఆసియా క్రీడల బంగారం గెలిచినా ఆ పాత మచ్చతో అర్జున అవార్డు ఇవ్వలేదు. 2021లో నియమం మార్చారు, నిషేధం పూర్తిచేసినవాళ్ళు అర్హులన్నారు. 2022కు పంఘాల్‌కూ, 2000లో ప్రపంచ జూనియర్ పతకం పోగొట్టుకుని తర్వాత కామన్వెల్త్ క్రీడల్లో నాలుగు పతకాలు గెలిచిన డిస్కస్ త్రోయర్ సీమా పూనియాకూ అర్జున వచ్చింది. ఇది న్యాయం. పూనియాకు అవార్డు ఇచ్చారు, జూనియర్ పతకం మాత్రం వెనక్కి ఇవ్వలేదు.

ఒక సవరణ మాత్రం రాష్ట్ర ప్రభుత్వాన్నీ, రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ 'శాప్'నూ అడుగుతున్నాం. నగదు, ఉద్యోగం వెంటనే ఇవ్వండి, పేదింటి పిల్లకు రేపటి బియ్యం కావాలి. పరీక్షలో తప్పితే వెనక్కి తీసుకునే షరతు రాయించుకుని ఇవ్వండి. కానీ స్టేడియానికి, రోడ్డుకు పేరు పెట్టడానికి పదేళ్ళు ఆగండి. ఒలింపిక్ నమూనాలను పదేళ్ళు దాచి మళ్ళీ పరీక్షిస్తారు. సీసా పదేళ్ళు ఆగగలిగితే శిలాఫలకం ఆగలేదా? ఆడుతున్నవాళ్ళ పేర్లు, పదవిలో ఉన్నవాళ్ళ పేర్లు ఎట్లాగూ పెట్టకూడదు. హైదరాబాద్ ఉప్పల్ స్టేడియంలో మాజీ క్రికెటర్ అజారుద్దీన్ పేరుతో ఉన్న స్టాండ్ గొడవ చూశాం కదా. ఆయన మీద ఫిక్సింగ్ ఆరోపణతో వేసిన జీవితకాల నిషేధాన్ని 2012లో హైకోర్టు చెల్లదంది. అయినా తాను హైదరాబాద్ క్రికెట్ సంఘం అధ్యక్షుడిగా ఉండగా ఆ పేరు పెట్టుకున్నారని 2025లో అంబుడ్స్‌మన్ తీసేయమన్నారు, హైకోర్టు ఆపింది. పేరు పెట్టే పని తొందరపడితే కోర్టుల చుట్టూ తిరుగుతుంది.

ఇక మన మండలంలో మనం చేసుకోగలిగింది. పండగ పోటీల కరపత్రంలోనే "మందు వాడినట్టు తేలితే బహుమతి వెనక్కి, కోచ్‌కు మూడేళ్ళు ప్రవేశం లేదు" అని ఒక్క వాక్యం అచ్చువేయండి. మన చిన్న పోటీలకు నాడా రాదు, నిజమే. కానీ ఆ వాక్యం చదివిన పిల్లవాడికి తప్పు అని తెలుస్తుంది, ఇచ్చేవాడికి భయం ఉంటుంది. బడి కమిటీలు గోడ మీద పటం పెట్టే ముందు ఆ పేరు నాడా ప్రకటించిన నిషేధాల్లో ఉందేమో చూడండి. చిత్తూరు జిల్లా క్రీడాధికారులు ప్రతి మండలంలో ఏడాదికి ఒకసారైనా తల్లిదండ్రులను కూర్చోబెట్టి ఈ మందుల గురించి చెప్పాలి.

పంచాయతీ పెద్దలారా, అమ్మలారా, అయ్యలారా! వచ్చే గ్రామసభలో రోడ్లు, డ్రైనేజీ, పింఛన్ల మధ్య ఈ కోరికలతో ఒక తీర్మానం కూడా పెట్టించండి. చదివి వినిపించమనండి, చెయ్యెత్తండి, సంతకం చేసి శాప్‌కు పంపించండి. ఇరవై మంది సంతకాలున్నా చాలు, మేం చిత్తూరు తీసుకెళ్ళి ఇస్తాం.

— ఐరాల మండల క్రీడాభిమానులు, విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయులు