అవతలి జట్టుకి వెళ్ళిన కోచ్ గారు

మీ ఇంట్లో వంట చేసే మనిషి ఉందనుకోండి. మూడేళ్ళుగా మీ ఇంటి ఉప్పూ కారం ఆవిడకి కొట్టిన పిండి. మావగారి పథ్యం, పిల్లాడి వేపుడు, చారు ఎంత పల్చగా ఉండాలో అన్నీ తెలుసు. ఒకరోజు "వచ్చే నెల నించి రానమ్మా" అంటుంది. సరే, సొంతూరు వెళ్ళిపోతోందేమో అని ఓ చీర పెట్టి పంపిస్తారు. వారం తిరక్కుండానే ఎదురు ఫ్లాట్లోంచి ఆవిడ పెట్టిన పోపు వాసన వస్తుంది! అప్పుడెలా ఉంటుంది చెప్పండి? మనిషి మానేసిందన్న బాధకంటే, ఆ వాసన ఎదురింట్లోంచి వస్తోందన్న బాధే ఎక్కువ కదూ?

సరిగ్గా ఇలాంటి బాధే 2023 వేసవిలో మా పై ఫ్లాట్లో ఉండే పదిహేనేళ్ళ కుర్రాడు పడ్డాడు. "ఆటల కబుర్లు మనకెందుకులే" అని పేజీ తిప్పెయ్యకండి. ఇది ఆట కబురు కాదు, పిల్లల మనసు కబురు.

ఆరోజు వాళ్ళమ్మ మా ఇంటికొచ్చి కూర్చుంది. "ఏం చెప్పమంటారండీ, మావాడు రెండ్రోజులుగా సరిగ్గా అన్నం తినడం లేదు. ఫుట్‌బాల్ కోచ్ ఎవరో గోవా జట్టుకి వెళ్ళిపోయాట్ట. వాళ్ళ నాన్న నవ్వేసరికి తలుపేసుకు కూర్చున్నాడు. ఆ పసుప్పచ్చ జెర్సీ తెచ్చి నా మొహాన పడేసి 'తుడుపు గుడ్డకి వాడుకో' అన్నాడు. పన్నెండొందలు పెట్టి కొన్నదండీ! నిజంగానే తుడుపు గుడ్డ చెయ్యమంటారా?" అంది.

"చెయ్యొద్దు. ఉతికి, మడత పెట్టి, వాడికి కనపడకుండా బీరువాలో దాచండి" అన్నాను. ఎందుకన్నానో చెప్పాలంటే ముందు ఆ కోచ్ గారి కథ కొంచెం చెప్పాలి.

హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ జట్టు 2019లో పుట్టింది. ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆడేది. మన గచ్చిబౌలి బాలయోగి స్టేడియమే దాని ఇల్లు. మొదటి ఏడాది అన్ని జట్ల కంటే కింద, చిట్టచివర నిలిచింది. 2020 ఆగస్టులో స్పెయిన్ దేశం, బార్సిలోనా నుంచి మనోలో మార్కెజ్ అనే ఆయన కోచ్‌గా వచ్చాడు. ఆకాశ్ మిశ్రా లాంటి కుర్రవాళ్ళని దగ్గర పెట్టుకుని, మట్టిలోంచి మాణిక్యాలు తీసినట్టు తీశాడు. మొదటి ఏడాదే జట్టు అయిదో స్థానానికి ఎక్కింది. అప్పుడు కరోనా రోజులు. రెండు సీజన్ల పాటు ఆటలన్నీ గోవాలోనే జరిపారు. అంచేత మన పిల్లలు ఆ కోచ్‌ని కళ్ళారా చూసింది లేదు. ఆన్‌లైన్ క్లాసులకీ హోంవర్కుకీ మధ్య టీవీలో చూసిందే. తలుపులేసుకుని బతికిన ఆ రోజుల్లో పిల్లలకి ఓ పెద్దమనిషి తోడు దొరికినట్టయింది.

2022 మార్చి 20న గోవాలో ఫైనల్. అవతల కేరళ బ్లాస్టర్స్. మనవాళ్ళు ఒక గోల్ వెనకబడి, ఇంకో రెండు నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా సాహిల్ తవోరా కొట్టిన గోల్‌తో సమం చేశారు. తరవాత పెనాల్టీలు. మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమని ఆ షాట్లని అడ్డుకుంటుంటే మా అపార్ట్‌మెంట్‌లో ఈలలే ఈలలు! కప్పు మనది. అడుగున ఉన్న జట్టు రెండేళ్ళలో పైకొచ్చింది. మరుసటి ఏడాది ఆటలు గచ్చిబౌలికి తిరిగొచ్చాయి. పిల్లలు కోచ్ గారిని నిజంగా చూశారు. జట్టు లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. ఆ సీజన్ అవగానే ఆయన గోవా జట్టుకి వెళ్ళిపోయాడు.

ఇందులో అంత ఏడవడానికేముందీ అంటారా? ఆయన రిటైరై వాళ్ళ దేశం వెళ్ళిపోతే పిల్లవాడు దండం పెట్టి పంపేవాడు. అప్పట్లో ఈ లీగ్‌లో ప్రతి జట్టూ ఇంకో జట్టుతో వాళ్ళ ఊళ్ళో ఒకసారి, తన ఊళ్ళో ఒకసారి ఆడేది. అంటే ఆయన మళ్ళీ గచ్చిబౌలికే వస్తాడు. కానీ అవతలి బెంచీ మీద కూర్చుంటాడు. మన ఆటగాళ్ళ బలం, బలహీనత అన్నీ తెలిసినవాడు. మనం గోల్ కొడితే ఆయన మొహం వాడిపోతుంది, మనం ఓడితే చప్పట్లు కొడతాడు. "అయితే అప్పుడు మనతో నవ్వింది అబద్ధమేనా?" అన్నది పిల్లవాడి అసలు బాధ. ఉన్న రోజుల మీద కూడా అనుమానం వస్తుంది. పెళ్ళయి వెళ్ళిన అక్క పుట్టింటికొచ్చి "మా ఇంట్లో ఇలా కాదు" అంటే తమ్ముడికి చురుక్కుమంటుందే, అలాంటిదన్నమాట.

మూడో రోజు ఆ కుర్రాణ్ణి మా ఇంటికి రమ్మన్నాను. పకోడీలు వేస్తూ వాణ్ణే అడిగాను.

"కట్టిమని ఏ ఊరివాడురా?"

"గోవా ఆంటీ."

"మన జట్టుకి రాకముందు ఎక్కడ ఆడాడు?"

కాస్త ఆగి, "గోవా జట్టులోనే" అన్నాడు.

"మరి ఆ ఏడాది అందరి కంటే ఎక్కువ గోల్స్ కొట్టాడే, ఆ ఒగ్బెచే?"

"పద్ధెనిమిది గోల్స్ ఆంటీ! ముందు కేరళకి కెప్టెన్..." అని ఆగిపోయాడు.

అదీ సంగతి. ఒగ్బెచే 2019-20లో కేరళకి కెప్టెన్‌గా ఆడి, తరవాత ముంబై వెళ్ళి, అక్కణ్ణించి మనకొచ్చాడు. ఫైనల్లో ఆ కేరళ మీదే మన తరఫున ఆడాడు. మనం మిఠాయి పంచుకున్న రాత్రి కొచ్చిలో ఏ కుర్రాడో పసుప్పచ్చ జెర్సీ వాళ్ళమ్మ మొహాన పడేసే ఉంటాడు. వాళ్ళ జెర్సీదీ పసుపు రంగే మరి! మనింటికొచ్చిన కోడలు పక్కింటి ఆడపడుచే అన్న సంగతి కోడలు వచ్చిన రోజున మనకి గుర్తుండదు.

ఆమాటకొస్తే మన హైటెక్ సిటీ ఇళ్ళల్లో ఇది కొత్తా? మాదాపూర్లో ఒక కంపెనీలో పని నేర్చుకుని, రోడ్డుకి అటువైపున్న పోటీ కంపెనీలో ఎక్కువ జీతానికి చేరిన మగపిల్లలు, ఆడపిల్లలు ఎంతమంది లేరు? వాళ్ళ పాత మేనేజరు ఎంత నొచ్చుకున్నాడో మనం అడిగామా? పూర్ణాలు వండి అపార్ట్‌మెంటంతా పంచాం. మనవాడు మారితే ఎదుగుదల, అవతలివాడు మారితే ద్రోహం! మనందరిలోనూ ఉన్నదే ఇది. ఒప్పుకుంటే పోయేదేం లేదు.

అయితే వెళ్ళడంలోనూ రెండు రకాలున్నాయి. మీకు వార్నర్ తెలుసుగా? తెలుగు పాటలకి డాన్సులు చేసి మన ఇళ్ళల్లో బామ్మలకి కూడా దగ్గరయ్యాడు. 2016లో సన్‌రైజర్స్‌కి కప్పు తెచ్చిన కెప్టెన్. 2021లో మధ్యలోనే కెప్టెన్సీ తీసేశారు, ఆపైన ఆడనివ్వకుండా కూర్చోబెట్టారు. 2022లో ఢిల్లీకి వెళ్ళి మన జట్టు మీదే 92 పరుగులు కొట్టి అవుటవకుండా నిలబడ్డాడు. ఆరోజు చాలామందికి సొంత జట్టు ఓడుతున్నా లోపల్లోపల ఆనందమే! ఎందుకంటే ఆయన వెళ్ళలేదు, మనమే పంపేశాం. పంపేసినవాడి మీద జాలి పుడుతుంది, తనంతట తాను వెళ్ళినవాడి మీద కోపం వస్తుంది. మేనమామ అలిగి వెళ్ళడానికీ, అవమానించి పంపడానికీ ఉన్నంత తేడా.

ఇక ఎక్కడికీ వెళ్ళని మేష్టారొకాయన కూడా మన ఊళ్ళో ఉండేవారు. సయ్యద్ అబ్దుల్ రహీమ్. హిందీలో 2024లో 'మైదాన్' అని సినిమా వచ్చింది చూడండి, ఆయన కథే. స్వతహాగా బడి మేష్టారు. 1950 నించీ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్. ఆ జట్టు 1950 నించి 1954 దాకా వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు గెల్చింది. ఇండియా జట్టుకి 1951లో, 1962లో ఏషియన్ గేమ్స్ బంగారు పతకాలు తెచ్చింది ఆయన శిక్షణే. ఒంట్లో క్యాన్సర్ పెట్టుకుని రెండోది సాధించి, 1963 జూన్‌లో కన్నుమూశారు. అప్పటి కాలం వేరు. ఆ ఆటగాళ్ళు పోలీసు కొలువులో ఉన్నవాళ్ళు, ఉద్యోగం ఎక్కడుంటే ఆటా అక్కడే. ఇప్పటి కోచ్‌లకి ఏడాదికో రెండేళ్ళకో రాసుకునే కాగితమే ఆధారం. ఆయన్నీ ఈయన్నీ ఒకే తక్కెడలో తూస్తే ఎలా?

ఇవన్నీ పిల్లాడికి చెబితే వెంటనే ఒప్పుకున్నాడనుకునేరు. పకోడీలన్నీ తిని, "అయినా గోవాకే వెళ్ళాలా?" అన్నాడు. వాడి మాటా నిజమే. బాధ తర్కానికి లొంగదు.

అంచేత తల్లులకి నేను చెప్పేది ఇదీ. మీ పిల్లలు ఇలాంటి వాటికి కుమిలిపోతుంటే నవ్వకండి. "చదువు చూసుకో" అని కసరకండి. తను ప్రేమించిన మనిషి తనని వదిలి ఇంకొకరి దగ్గర సంతోషంగా ఉండగలడన్నది పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు నేర్చుకోవలసిన చేదు. ఇక్కడ నేర్చుకుంటే తక్కువ ఖర్చుతో పోతుంది. రేపు స్నేహితుడో, ఇంకెవరో దూరమైనప్పుడు తట్టుకుంటారు. రెండు మూడు రోజులు అలగనివ్వండి. తరవాత "ఆయన ఉన్నప్పుడు నీకు బాగా నచ్చిన ఆట ఏది?" అని అడగండి. చెబుతూ చెబుతూ వాళ్ళే నవ్వుతారు. ఇంకో మాట. కోపంలో వాళ్ళు పారేసినవి మీరు పారెయ్యకండి.

ఆ తరవాతి కథ కూడా చెప్పాలి. కోచ్ గారు వెళ్ళిన ఏడాదే, 2023-24లో, జట్టు డబ్బు ఇబ్బందుల్లో పడింది. జీతాలు అందక విదేశీ ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. 22 ఆటల్లో ఒక్కటే గెలిచి మళ్ళీ అడుగుకి చేరింది. 2024లో మనోలో మార్కెజ్ గోవాలో ఉంటూనే ఇండియా జట్టుకీ కోచ్ అయ్యాడు. ఆయన మొదటి మ్యాచ్ ఎక్కడో తెలుసా? మన గచ్చిబౌలిలోనే! సెప్టెంబర్ 3న, మారిషస్‌తో. ఆ పొద్దున పై ఫ్లాట్ కుర్రాడు వాళ్ళమ్మ దగ్గరికొచ్చి, తలొంచుకుని, "అమ్మా, ఆ జెర్సీ... తుడుపు గుడ్డ చేసేశావా?" అని అడిగాట్ట. ఆవిడ బీరువా తీసి ఇచ్చింది. అందరూ నీలం చొక్కాలేసుకుంటే మనవాడు పసుపు రంగుది, కాస్త పొట్టయినదే, వేసుకుని వెళ్ళాడు. ఆట సున్నా సున్నాగా ముగిసింది. వీడు మాత్రం గొంతు బొంగురుపోయేలా అరిచి వచ్చాడు. ఆ ఉద్యోగం కూడా కోచ్ గారికి ఎంతో కాలం నిలవలేదు, 2025 జూలైలో వదిలేశారు.

అదే 2025లో ఇంకోటి జరిగింది. కోచ్ కాదు, జట్టే వెళ్ళిపోయింది. హైదరాబాద్ ఎఫ్‌సీ పేరు మార్చుకుని, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా ఢిల్లీకి తరలిపోయింది. ఇప్పుడెవరి మీద అలగాలి? ఆ సాయంత్రం నేను పైకి వెళ్తే కుర్రాడు జెర్సీ ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాడు. ఈసారి పడెయ్యలేదు. "కోచ్ వెళ్తే జట్టుందనుకున్నా ఆంటీ. జట్టు వెళ్ళిపోతే ఇదొక్కటే మిగిలింది" అన్నాడు. వాళ్ళమ్మ ఏమీ అనకుండా జెర్సీ అందుకుని, చంక కింద విడిన కుట్టుని సూదీ దారంతో కుట్టి ఇచ్చింది.

మీ బీరువాలోనూ అలాంటిదేదో ఉండే ఉంటుంది. పారెయ్యకండేం!