పొరలు విడివిడిగా కాల్చాల్సిందే

లావుపాటి చాక్లెట్ కేకును అడ్డంగా ఆరు ముక్కలు కోసి, మధ్యలో క్రీమ్ పూసి, ఇదే హంగరీ వారి దోబోష్ తోర్తా అంటే ఒప్పుకోనక్కర్లేదు. అసలు దోబోష్‌లో స్పాంజ్ చాక్లెట్‌ది కానే కాదు. అది లేత పసుపు రంగులో ఉంటుంది, చాక్లెట్ అంతా క్రీమ్‌లోనే.

బుడాపెస్ట్‌లో మేలిరకం తినుబండారాల దుకాణం నడిపిన యోజెఫ్ దోబోష్ దీన్ని 1885లో ఆ నగరంలో జరిగిన జాతీయ ప్రదర్శనలో పెట్టాడు. చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ దంపతులూ రుచి చూశారు. ఇళ్లలో ఫ్రిజ్‌లు లేని రోజులవి. పాల క్రీమ్, గిలక్కొట్టిన మీగడ నింపిన కేకులు ఎంతోసేపు ఆగేవి కావు. దోబోష్ వాటి బదులు వెన్న, చాక్లెట్ కలిపిన క్రీమ్ వాడాడు. పైన పంచదార పాకంతో గట్టి మూత వేశాడు. దాంతో కేకు త్వరగా ఎండిపోదు. చెక్కపెట్టెల్లో సర్ది పరాయి దేశాలకూ పంపాడు. నకళ్లు అప్పుడే పుట్టుకొచ్చాయి, ఒక్కటీ కుదరలేదు. చివరికి 1906లో తయారీ గుట్టును బుడాపెస్ట్ మిఠాయి తయారీదారుల సంఘానికి అప్పగించాడు.

కుదరకపోవడానికి కారణం ఇంట్లో చేసి చూస్తే తెలుస్తుంది. కోసిన స్పాంజ్ పొడి రాలుతుంది, క్రీమ్‌ను పీల్చేస్తుంది. విడిగా కాల్చిన పొరకు రెండు వైపులా సన్నని చర్మం కట్టి, క్రీమ్ గీత చెదరకుండా నిలుస్తుంది. పనీ కష్టమేం కాదు. బేకింగ్ కాగితం మీద 22 సెంటీమీటర్ల వలయం గీసి, గుడ్ల తెల్లసొన నురగ కట్టించి కలిపిన పిండిని పలచగా పరిచి, 200 డిగ్రీల దగ్గర ఆరేడు నిమిషాలు ఉంచితే చాలు. లోతైన గిన్నెలూ అక్కర్లేదు. ఓపిక మాత్రం కావాలి, ఆరుసార్లు.

అసలు పరీక్ష పాకం దగ్గరే. నీటి చుక్క లేకుండా కరిగించిన పంచదార తేనె రంగు దాటి రాగి రంగుకు వస్తుండగానే, అన్నింటిలోకీ నున్నగా వచ్చిన పొర మీద పోసి పరవాలి. వెన్న రాసిన కత్తితో వెంటనే పన్నెండు ముక్కలుగా గాట్లు పెట్టాలి. క్షణం ఆలస్యమైతే పాకం పెళుసెక్కి, కత్తి పెడితే పగిలి చెల్లాచెదురవుతుంది.

తెలుగునాట వానాకాలంలో ఈ మూత తేమ పీల్చి జిగటగా మారుతుంది. ఫ్రిజ్‌లో పెట్టినా అంతే. క్రీమ్ పూసిన అయిదు పొరలను ముందురోజే చల్లబరిచి ఉంచుకుని, పాకం ముక్కలను వడ్డించే రోజు చేసి పేర్చుకోవచ్చు. మే నెలలో మాత్రం ఏసీ లేని వంటింట్లో వెన్న క్రీమ్ నిలబడదు.