విత్తవ్యవహార లేఖలలో విరామచిహ్నములు

తాళపత్రములలో పదములనైనను విడదీయక వ్రాసిన తెలుగువారికి కామా ముద్రణముతో వచ్చిన క్రొత్త చుట్టము. నేడు బ్యాంకులలోను, ఆడిటు కార్యాలయములలోను ఉద్యోగులు పంపుకొను ఈమెయిలు లేఖలలో వాక్యాంతబిందువు తరచుగా లోపించుచున్నది. ధన్యవాదముల ప్రక్క ఆశ్చర్యార్థక చిహ్నము మాత్రము తప్పదు. ఇందు పెద్ద దోషము లేదు. చూడవలసినది అంకెల నడుమ నున్న చిహ్నములను.

హైదరాబాదులో 10,00,000 అని వ్రాసిన పదిలక్షలను లండనులో 1,000,000 అని వ్రాయుదురు, విలువ మారదు. జర్మనీలోనన్ననో 1.500 అనగా వేయిన్ని యైదువందలు. తెలుగువానికి అది ఒకటిన్నర. కుండలీకరణములలోని సంఖ్య గణకులకు ఋణము, సామాన్య పాఠకునకు వట్టి వివరణము. ఇట్టి చోట్ల పొరపాటు పడినచో పోవునది సొమ్ము, శైలి కాదు.

2003లో తూనికలు, కొలతల అంతర్జాతీయ సమావేశము దశాంశమునకు బిందువైనను కామాయైనను చెల్లుననియు, సంఖ్యను మూడేసి అంకెలుగా విడదీయునపుడు నడుమ ఖాళీయే తప్ప ఆ రెండును కూడవనియు తీర్మానించినది. వర్తకులు దానిని లెక్కచేయుట అరుదు. చేసినచో లక్ష, కోటి అను మాటలు నోట నిలిచి వ్రాతలో గుర్తు కోల్పోవును. తెలుగు వ్యాకరణ పాఠములు వాక్యవిరామము కడనే ఆగుచున్నవి. అర్థమును మార్చు కామా అంకెల నడుమ నున్నంత మాత్రమున భాషకు వెలి కాజాలదు. వ్యవహారకోశములు కూర్చువారు దీనికొక పుట యీయవలెను.