హలాల్ సరే, తయ్యిబ్ సంగతేంటి?

పోయిన రంజాన్‌లో ఒక సాయంత్రం ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద నుంచి అమ్మీ సగంలోనే లేచిపోయింది. కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, వెంటనే ఆయాసం. అమ్మీకి దమ్మా ఉంది. "ఈ ఉమర్‌లో రోజాలెందుకు అమ్మీ" అని ఆమెకే నసీహత్ చేశాం. డాక్టర్ సాబ్ మాత్రం "ఏం తిన్నారు?" అనడిగాడు.

తిన్నది ఖుబానీలు. తెచ్చింది నేనే. నారింజ రంగులో నిగనిగలాడుతుంటే ముచ్చటపడి కొన్నాను. మన ఇళ్లలో ఖుబానీ కా మీఠాకు నానబెట్టే పాత ఖుబానీ గోధుమరంగులో, ముడతలు పడి, లోపల గింజతో ఉంటుంది. ఎండిన ఖుబానీ అసలు రంగు అదే. రంగు మారకుండా, పురుగు పట్టకుండా గంధకం పొగ పట్టిస్తేనే ఆ నారింజ మెరుపు. బంగారు రంగు కిష్మిష్‌కూ అంతే. ప్యాకెట్ మీద దాని పేరు సల్ఫర్ డయాక్సైడ్, నంబరు 220. చాలామందికి ఏమీ కాదు. దమ్మా ఉన్నవాళ్లలో కొందరికి ఊపిరి పట్టేస్తుంది, కొందరికి కడుపు చెడుతుంది. నానబెట్టి ఉడికిస్తే కొంత పోతుంది, అంతా పోదు.

ఇన్సాఫ్‌గా చెప్పాలంటే కసూర్ అంతా మందుదే కాదు. ఖుబానీలో, ఆలూబుఖారాలో సార్బిటాల్ అనే తీపి సహజంగానే ఉంటుంది. పొద్దంతా ఖాళీగా ఉన్న కడుపులో గుప్పెడు వేస్తే గ్యాసు, విరేచనాలు తప్పవు కొందరికి. అయితే ఏది ఎందుకు పడలేదో తెలియాలంటే, తిన్నదాంట్లో ఏముందో ముందు తెలియాలి కదా!

అక్కడే ఉంది అసలు తక్లీఫ్. కేజీకి 10 మిల్లీగ్రాములు, అంతకు మించి సల్ఫైట్ ఉంటే ప్యాకెట్ మీద రాయాలని మన దేశ కానూన్. కానీ రంజాన్‌లో మనం కొనేది బస్తాలోంచి తూచి ఇచ్చే ఖుల్లా మాల్. దాని మీద ఏ చీటీ ఉంటుంది? దుకాణ్‌దార్‌ను అడిగితే "ఏక్ నంబర్ మాల్ హై భాయ్" అన్నాడు. నేనూ నమ్మాను.

బజారులో ధాన్యపు రాశిలో రసూలుల్లాహ్ (స) చెయ్యి పెట్టి, లోపలి తడిని పట్టుకున్న సంగతి మన పిల్లలకూ తెలుసు. తడిసింది పైకి కనబడేలా పెట్టాలన్నారాయన. మెరిసే రంగు వెనక మందును దాచడం దానికెంత దూరం? మాంసం దుకాణంలో హలాలేనా అని పదిసార్లు అడుగుతాం. ఖురాన్‌లో హలాల్ పక్కనే తయ్యిబ్ అనే మాట కూడా ఉంది. ఒంటికి మంచిదేనా అన్న సవాల్ మాత్రం మన నోట రాదు.

దుకాణ్‌దార్ భాయ్‌లకు నా గుజారిష్ ఒక్కటే. గంధకం పట్టించినవి ఏవో, పట్టించనివి ఏవో బస్తా మీద అట్టముక్క గుచ్చి రాయండి. కొనేవాళ్లం మనమూ రంగు చూసి మోసపోవడం మానుకుందాం. ఇప్పుడు మా ఇంటికి ముడతల ఖుబానీలే వస్తున్నాయి. రాత్రి నానబెట్టి రెండే తింటుంది అమ్మీ. ఆ రోజు ఆమె రోజాను తప్పుపట్టినందుకు మాత్రం నాకింకా షరమ్‌గానే ఉంది.