ఆగిన జీతం, ఆగకూడని చదువు

గత నెల జుమా నమాజు ముగిశాక చిట్యాల మస్జిదు మెట్ల వద్ద ఒక యువకుడు నాకు సలాము చేశాడు. చిన్నతనంలో నా వద్ద ఖుర్ఆన్ చదువుకున్నవాడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. "హజ్రత్, ఉద్యోగం పోయి మూడు నెలలైంది. దాచుకున్న డబ్బులోంచే ఇంటికి పంపుతున్నా. అబ్బాకు ఎట్ల చెప్పాలె?" అంటూ కన్నీరు పెట్టుకున్నాడు.

ఈ వేదన ఒక్క ఇంటిది కాదు. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైనది మొదలు, సాఫ్ట్‌వేర్ కొలువు దొరికితే జీవితాంతం ఢోకా లేదన్న నమ్మకం మన ఊళ్ళలో పాతుకుపోయింది. ఆ నమ్మకంతోనే వడ్డీ అప్పులు చేసి ఫ్లాట్లు కొన్నాము, ఆడంబరంగా పెళ్ళిళ్ళు జరిపాము. అయితే 2022 నవంబరులో మెటా 11 వేల మందిని, 2023 జనవరిలో గూగుల్ 12 వేల మందిని, మైక్రోసాఫ్ట్ 10 వేల మందిని తొలగిస్తున్నట్లు ప్రకటించాయి. 2025 జులైలో మన దేశపు టీసీఎస్ సైతం సుమారు 12 వేల మందిని తగ్గించుకుంటామన్నది. వారంతా చేతగానివారా? కానే కాదు. కరోనా కాలపు గిరాకీని చూసి విదేశీ సంస్థలు విరివిగా చేర్చుకున్నాయి; గిరాకీ తగ్గగానే వదిలించుకున్నాయి. పని తీరు మారినచోట పాత నైపుణ్యానికి విలువ తగ్గింది.

హైదరాబాదులో పుట్టి, 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరి, 2014లో దాని అధిపతి అయిన సత్య నాదెళ్ల కూడా అన్నీ తెలుసనుకునేవారి కన్నా నిత్యం నేర్చుకునేవారే మేలని తన సిబ్బందికి చెబుతూ వచ్చారు. మద్రసాలో ఇది మాకు ఎరుకైన సంగతే. ఖుర్ఆన్ కంఠస్థం చేసిన హాఫిజ్ అయినా పునశ్చరణ మానితే మరచిపోతాడు.

ఆ అబ్బాయిని వెంటబెట్టుకుని జాతీయ రహదారి పక్కనున్న అతని తండ్రి మోటారు సైకిళ్ళ మరమ్మతు దుకాణానికి వెళ్ళాను. విషయం విని ఆయన కాసేపు మౌనంగా చేతుల గ్రీజు తుడుచుకున్నాడు. తరువాత అన్నాడు: "2020ల బీఎస్-6 బండ్లొచ్చి కార్బ్యురేటర్లు పోయినంక, ముప్పై ఏండ్ల నా పని ఇగ అయిపోయిందనుకున్న. మళ్ళ మొదటికెళ్ళి నేర్చుకున్న. నువ్వు నేర్చుకోలేవా బేటా? కొలువు పోయినందుకు కాదు, ఒక్కనివే మోసినందుకు బాధైతున్నది."

సోదరులారా! ఉపాధి ప్రదాత అల్లాహ్. సంస్థ ఒక సాధనం మాత్రమే. జీతం వస్తున్నప్పుడే ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టండి. వడ్డీ అప్పులకు దూరంగా ఉండండి. యువకులారా, రోజుకొక గంట కొత్త పని నేర్వండి. కష్టం వస్తే మొదట ఇంట్లో చెప్పండి. తల్లిదండ్రులారా, ఈ రాత్రి మీ బిడ్డ ఫోను చేస్తే జీతం సంగతి తరువాత అడగండి. ముందుగా "ఎట్లున్నావు బేటా?" అని అడిగి, అతడు చెప్పేదాకా ఆగండి.